కోడి మీద కోపం, ట్రక్కు మీద పన్ను

(మొన్న ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయంలో రిటైరైన ఎకనామిక్స్ మాస్టారు మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారమండి. బయట బోర్డు మీద "పాశ్చాత్య మిత్రదేశాల దౌత్యం, ఆర్థిక విధానం" అని రాశారు. అది చూసి ఇద్దరు ముగ్గురు గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయారంట, ఇప్పుడే చెప్పారు. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, మాస్టారు కోళ్ళ గురించి మాట్లాడుతున్నాడు రండి అని. నిజంగానే కోళ్ళ గురించేనండి. ఫారం కోడి. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న నలుగురైదుగురికి బ్రాయిలర్ షెడ్లున్నాయి, నాకు తెలుసు, నేనేదైనా తప్పు చెప్తే వాళ్ళే ఆపుతారు.

సరే. శత్రువులు కొట్టుకుంటే అందులో చెప్పుకోడానికి ఏముంది? మిత్రులు కొట్టుకుంటేనే చూడాలి. వియ్యంకులు తగువుపడతారు చూడండి, సారె తక్కువైందనో, పిలుపు సరిగ్గా లేదనో. మాటలనుకుంటారు, అలుగుతారు, భోజనం దగ్గర లేచిపోతారు. కానీ పిల్లనిచ్చి పుచ్చుకున్నారు కదా, ఆ సంబంధం తెగదని ఇద్దరికీ తెలుసు. తెగదని తెలుసు గనకే అంత గట్టిగా అరుచుకుంటారు. అమెరికాకీ పశ్చిమ యూరప్‌కీ మధ్య ఉన్నది సరిగ్గా ఇలాంటి సంబంధమే. దాని మీద వంద పుస్తకాలు చదవక్కర్లేదు, 1962లో మొదలైన కోళ్ళ తగువు ఒక్కటి చూస్తే చాలు. చికెన్ వార్ అనే పేరు పెట్టారు దానికి, నేను పెట్టింది కాదు.

అప్పటికి అమెరికాలో కోడి చవకైపోయింది. ఎందుకు? మన దగ్గర ఇప్పుడు కంపెనీవాడు పిల్లలిచ్చి, దాణా ఇచ్చి, మందులిచ్చి, మీరు షెడ్డులో పెంచిస్తే కేజీకి ఇంత అని పెంపకం కూలి ఇస్తాడే, ఇంటిగ్రేషన్ అంటాం కదా, అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, జార్జియా, ఆర్కన్సా అటువైపు బాగా విస్తరించింది. అంతకుముందు వాళ్ళకీ కోడంటే పండగకి కోసేదే, యూరప్‌లో అయితే మరీను, ఆదివారం భోజనం. ఇంటిగ్రేషన్ వచ్చాక కోడి ఫ్యాక్టరీ సరుకైపోయింది. కోసి, ఫ్రీజ్ చేసి, ఓడలెక్కించి యూరప్ పంపడం మొదలెట్టారు. అందరికంటే ఎక్కువ కొన్నది పశ్చిమ జర్మనీ. యుద్ధంలో పస్తులున్న జనం, చేతిలో నాలుగు మార్కులు, అంటే వాళ్ళ డబ్బులు, ఆడటం మొదలైంది, చవగ్గా మాంసం వస్తే వద్దంటారా?

జనం వద్దనలేదు. రైతులు వద్దన్నారు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్తాను ఎందుకంటే తగువు వేరు ఇక్కడుంది, చాలామంది ఇది వదిలేసి ట్రక్కుల దగ్గరికి ఉరుకుతారు.

1957లో రోమ్ ఒప్పందం మీద ఆరు దేశాలు సంతకం పెట్టాయి, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్, బెల్జియం, లక్సెంబర్గ్. ఉమ్మడి మార్కెట్. దీన్ని వెనకుండి ప్రోత్సహించింది ఎవరనుకున్నారు? అమెరికానే. మీలో మీరు కొట్టుకుని రెండుసార్లు లోకాన్ని తగలెట్టారు, ఇకనైనా కలిసుండండి, అప్పుడే సోవియట్ వాడు మీ జోలికి రాడు అని మార్షల్ ప్లాన్ రోజుల నుంచీ, అంటే యుద్ధం తర్వాత యూరప్‌ని నిలబెట్టడానికి డబ్బిచ్చిన రోజుల నుంచీ, చెప్తూ వచ్చింది అమెరికా. కలిశారు. కలిశాక ఏం చేస్తారు? ఉమ్మడి కాపురం అన్నాక ఉమ్మడి గోడ కడతారు. ఆరుగురూ కలిసి ఉమ్మడి వ్యవసాయ విధానం పెట్టుకున్నారు. దాని ఉద్దేశం మన రైతుకి ధాన్యం ధర ఎక్కువ ఉండాలి అని. మంచిదే. కానీ ధాన్యం ధర పెరిగితే దాణా ధర పెరుగుతుంది కదండీ? దాణా పెరిగితే? ముందు వరసవాళ్ళు చెప్పండి. కోడి ధర పెరుగుతుంది. అంటే యూరప్‌లో ఖరీదైన దాణా తిని పెరిగిన కోడి, అమెరికాలో చవక దాణా తిని పెరిగిన కోడితో సంతలో పక్కపక్కన నిలబడాలి. నిలబడగలదా? అందుకని దాణా ఖర్చులో తేడా ఎంతుందో అంతా లెక్కగట్టి సుంకం కింద వేశారు. అది కూడా ఎప్పటికప్పుడు మారే సుంకం. దాని మీద ఇంకోటి, "తూము ధర". నిజంగానే వాళ్ళ భాషలో కూడా కాలవ తూము పేరే పెట్టారు దానికి. మనకి తూము గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బయట సరుకు ఆ ధర కంటే కిందకి వచ్చిందనుకోండి, తలుపు దించేస్తారు, అంటే ఆ తేడా కూడా అదనపు పన్నుగా కట్టించుకుంటారు. కాబట్టి అమెరికావాడు ఎంత చవగ్గా అమ్ముదామన్నా ఉపయోగం లేదు, వాడు తగ్గించిందంతా ఇక్కడి గేటు దగ్గర పన్నుగా పోతుంది.

1962 జులై ఆఖర్లో ఇది అమల్లోకొచ్చింది. జర్మనీలో అమెరికా కోడి మీద పన్ను దాదాపు మూడింతలైంది. అమ్మకాలు ఢామ్మని పడిపోయాయి.

ఇంకో తమాషా వినండి. అదే సమయంలో అమెరికా సోయా గింజలకి మాత్రం యూరప్ తలుపులు బార్లా తీసింది, సుంకం సున్నా, అప్పటి డిల్లన్ రౌండ్ అనే సుంకాల చర్చల్లో రాతపూర్వకంగా ఒప్పుకుంది. అంటే మీ సోయా పంపండి, మా కోడి తింటుంది, మీ కోడిని మాత్రం పంపకండి. ఇందులో నాకైతే యూరప్ వాళ్ళ తెలివి కనిపిస్తుంది, ద్రోహమేమీ కనిపించదు. కానీ ఆర్కన్సా రైతుకి అలా కనిపించదుగా.

ఇప్పుడు రాజకీయం. ఆ రోజులు ఎలాంటివి? 1961లో బెర్లిన్ గోడ లేచింది. 1962 అక్టోబర్లో క్యూబా మిస్సైళ్ళ సంక్షోభం, లోకమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. పశ్చిమ జర్మనీ నేల మీద రెండు లక్షలకి పైగా అమెరికా సైనికులున్నారు. ఇలాంటప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనడీ, జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ ఉత్తరాలు రాసుకుంటే దేని గురించి రాసుకోవాలి? అణుబాంబుల గురించి, రష్యా గురించి. ఆ ముసలాయన అడెనావర్ మాత్రం, రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాల్లో సగం కోళ్ళ గురించే అయ్యుంటుంది అన్నాడని చెప్పుకుంటారు. ఎనభై దాటిన మనిషి, హిట్లర్ని చూశాడు, స్టాలిన్ని చూశాడు, చివరికి ఫ్రోజెన్ చికెన్ దగ్గర దొరికిపోయాడు.

ఇంకో పెద్దమనిషి సెనేటర్ ఫుల్‌బ్రైట్. ఈ పేరు మీలో చదువుకున్న పిల్లలకి తెలిసుంటుంది, ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ అంటారే, ఆయనే. విదేశీ వ్యవహారాల కమిటీకి ఛైర్మన్, దేశాలు దేశాలు కలిసిమెలిసి ఉండాలని స్కాలర్‌షిప్పులు పెట్టించిన మనిషి. ఆయన నాటో, అంటే అమెరికా యూరప్‌ల సైనిక కూటమి, దాని అణ్వాయుధాల చర్చ మధ్యలో లేచి, మా కోళ్ళ సంగతేంటి అని పట్టుకున్నాడు. ఎందుకంటే ఆయన సొంత రాష్ట్రం ఆర్కన్సా. ఎంత ప్రపంచ మేధావైనా ఓట్లెయ్యాల్సింది ఊరివాళ్ళే కదండీ. మన ఎంపీలకీ అంతే, వాళ్ళకీ అంతే. బయటికి పొగరుగా కనిపించే దౌత్యం లోపల నియోజకవర్గమే. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, ట్రక్కుల దగ్గర మళ్ళీ వస్తుంది.

సరే, కొట్టుకుని కొట్టుకుని పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళారు. అప్పటికి దేశాల వ్యాపార తగువులు తీర్చే డబ్ల్యూటీవో లేదు, దాని ముందున్న గాట్ అనే ఒప్పందం ఉంది. మాకు 46 మిలియన్ డాలర్ల నష్టం అంది అమెరికా. అంత లేదు, 19 అంది యూరప్. పెద్దమనుషులు కూర్చుని లెక్కలు చూసి 26 అని తేల్చారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు చూడండి, ఆఖరికి తేలేది ఇలాంటి అంకే. ఆ రిపోర్టు తేదీ 1963 నవంబర్ 21.

మర్నాడు ఏమైందో మీ అందరికీ తెలుసు. డల్లాస్‌లో కెనడీని కాల్చేశారు. ఫైలు వచ్చి ఆయన తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ బల్ల మీద పడింది.

26 మిలియన్లకి ప్రతీకారం తీర్చుకునే హక్కు వచ్చింది అమెరికాకి. ఎలా తీర్చుకోవాలి? వాళ్ళ కోళ్ళ మీద పన్ను వేద్దామా అంటే వాళ్ళ కోళ్ళు మన దేశానికి రావు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, దుత్త వెతకాలి. పైగా ఒక చిక్కుంది, గాట్ నియమం ప్రకారం ఒక్క దేశం పేరు పెట్టి సుంకం పెంచకూడదు, పెంచితే అందరికీ పెరగాలి. కాబట్టి ఏం చేశారంటే, ఏ సరుకు మీద వేస్తే దెబ్బ సరిగ్గా ఎవడి వీపు మీద పడుతుందో చూసి ఆ సరుకు ఎంచుకున్నారు. బంగాళాదుంప పిండి, డెక్స్ట్రిన్ అనే దాని తాలూకు సరుకు, ఇవి డచ్చివాడికి. ఖరీదైన బ్రాందీ, అది ఫ్రాన్సువాడికి. జర్మనీవాడికి? వెయ్యి డాలర్లు పైబడిన ట్రక్కులు. చట్టంలో జర్మనీ అని లేదు, ఫోక్స్‌వాగన్ అని లేదు. కానీ అప్పట్లో జర్మనీ కంపెనీ ఫోక్స్‌వాగన్ వాడి ఆ గుండ్రని వ్యాను, దాని పికప్ రకం, అమెరికాలో బాగా పోతోంది. ట్రక్కుల మీద పన్ను ఎనిమిదిన్నర శాతం ఉండేది, 25 చేశారు. డిసెంబర్ 4న జాన్సన్ సంతకం, 1964 జనవరి 7 నుంచి అమలు. ఆ డిసెంబర్ చివర్లోనే కొత్త జర్మనీ ఛాన్సలర్ ఎర్హార్డ్ టెక్సాస్ వెళ్ళి జాన్సన్ గారి ఊళ్ళో బార్బెక్యూ విందు చేసుకొచ్చాడు! వియ్యంకులు అన్నాను కదా.

మరి ట్రక్కే ఎందుకు? ఇక్కడ వాల్టర్ రూథర్ అని ఒకాయన, ఆటో కార్మికుల యూనియన్ నాయకుడు, జర్మనీ వాహనాల దిగుమతి పెరిగిపోతోందని గోల పెడుతున్నాడు. 1964లో ఎన్నికలు. జాన్సన్‌కి యూనియన్లు కావాలి, సమ్మె ఉండకూడదు, పౌరహక్కుల బిల్లుకి మద్దతు కావాలి. తర్వాత కాలంలో బయటికొచ్చిన వైట్‌హౌస్ టేపులు చూసి చరిత్రకారులు ఈ అవసరాలకీ ట్రక్కు పన్నుకీ ముడి పెట్టారు. అంటే కోడి పేరు చెప్పి కారు ఫ్యాక్టరీవాడి పని చేసిపెట్టారు. ఆర్కన్సా కోళ్ళ రైతుకి ఏం ఒరిగింది? ఒక్క కోడి అదనంగా అమ్ముడుపోయిందా? లేదు. కోళ్ళు బరిలో కొట్టుకుంటాయి, డబ్బులు మాత్రం బయట నిలబడ్డవాడి జేబులోకి పోతాయి, సంక్రాంతికి మనం చూసేదేగా.

బ్రాందీ, పిండి, డెక్స్ట్రిన్ మీద పన్నులు తర్వాత్తర్వాత తీసేశారు. ట్రక్కు మీద 25 శాతం మాత్రం అలాగే ఉంది. ఇవాళ్టికీ ఉంది. అమెరికాలో దానికి చికెన్ ట్యాక్స్ అనే పేరు. మీ పిల్లలు డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటే అడగండి, మామూలు కారు దిగుమతి చేసుకుంటే మూల సుంకం రెండున్నర శాతం, వెనక తొట్టి ఉన్న పికప్ అయితే 25. పది రెట్లు! తొట్టికి ఇంత తేడానా?

ఇంత తేడా ఉంటే మనిషి ఊరుకుంటాడా. ఇక్కణ్ణించి కథ భలే ఉంటుంది. జపాన్ కంపెనీలు ఏం చేశాయంటే తొట్టి లేకుండా ముందు క్యాబిన్, కింద ఛాసిస్ మాత్రం పంపేవి, అది పూర్తి ట్రక్కు కాదు కాబట్టి నాలుగు శాతం. తొట్టి అక్కడ కాలిఫోర్నియాలో తగిలించేవాళ్ళు. 1980లో ఆ దారి మూసేశారు. సుబారువాడు ఇంకా గడుసు. బ్రాట్ అని చిన్న పికప్ తెచ్చాడు, దాని తొట్టిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించాడు, వెనక్కి తిరిగి కూర్చునేలా, బెల్టులతో సహా. ఏంటయ్యా ఇది అంటే, ఇందులో మనుషులు కూర్చుంటారు కాబట్టి ఇది ట్రక్కు కాదు, కారు. ఒప్పుకున్నారు! తర్వాత అధ్యక్షుడైన రీగన్ గారికి కూడా ఆయన పొలంలో ఒక బ్రాట్ ఉండేది. మన ఆటో ట్రాలీలో జనాన్ని ఎక్కిస్తే ఫైన్ వేస్తారు, అక్కడ ఎక్కిస్తే పన్ను తగ్గించారు.

మెర్సిడెస్ వాళ్ళు జర్మనీలో వ్యాను పూర్తిగా తయారుచేసేవాళ్ళు. తయారుచేసి, మళ్ళీ విప్పేసి, ముక్కలుగా ఓడెక్కించి, సౌత్ కరోలినాలో మళ్ళీ బిగించేవాళ్ళు. ఏళ్ళ తరబడి. చివరికి విసుగొచ్చి అక్కడే ఫ్యాక్టరీ కట్టుకున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చేది ఫోర్డ్ కథ. ఫోర్డ్ అంటే అచ్చమైన అమెరికా కంపెనీ, ఈ పన్ను ఎవరి రక్షణ కోసం ఉందో ఆ కంపెనీ. అది టర్కీలో ట్రాన్సిట్ కనెక్ట్ అనే చిన్న వ్యాన్లు చేయించి 2009 నుంచి అమెరికా తెచ్చుకోవడం మొదలెట్టింది. సరుకుల వ్యాను కింద తెస్తే 25. అందుకని వెనక సీట్లు పెట్టి, కిటికీలు పెట్టి, ప్యాసింజర్ బండి అని రాయించి రెండున్నర కట్టి తెచ్చేవాళ్ళు. రేవు దాటగానే ఆ సీట్లు పీకేయడం, కిటికీ తీసి రేకు బిగించడం, సరుకుల వ్యానుగా అమ్మేయడం. పీకిన సీట్లు తుక్కులోకి. ఒక్కసారి కూడా ఎవరూ కూర్చోని కొత్త సీట్లు! 2013లో కస్టమ్స్ వాళ్ళు కుదరదన్నారు. కోర్టుకెళ్ళారు, కింద కోర్టులో 2017లో ఫోర్డ్ గెలిచింది, పైన 2019లో ఓడింది, సుప్రీంకోర్టు మేం వినం అంది. చివరికి 2024లో ప్రభుత్వంతో రాజీ, 365 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మొదట అసలు కోళ్ళ తగువు మొత్తం ఎంతకి? 26 మిలియన్లకి. రూపాయి విలువ డాలర్ విలువ మారింది నిజమే, అయినా చూడండి.

ఇప్పుడు నేను మొదట్నుంచీ చెప్దామనుకున్న మాట. పన్ను వేసేటప్పుడు దానికో కారణం ఉంటుంది. కారణం పోయినా పన్ను పోదు. ఎందుకు పోదు? ఆ పన్ను నీడలో ఎవడో ఇల్లు కట్టుకుంటాడు గనక. డెట్రాయిట్ కంపెనీలకి, అంటే అమెరికా కార్ల కంపెనీలకి, కార్లలో జపాన్ వాడి పోటీ తట్టుకోవడం కష్టమైంది, పికప్పుల్లో మాత్రం హాయిగా ఉన్నారు, లాభాలన్నీ అందులోనే. తర్వాత జపాన్ వాళ్ళు కూడా అక్కడికే వెళ్ళి ఫ్యాక్టరీలు పెట్టారు, నిస్సాన్ టెనెస్సీలో 1983లో మొదట బయటికి తెచ్చిన బండి పికప్పే. ఇక వాళ్ళు మాత్రం ఈ పన్ను తీసెయ్యమని ఎందుకంటారు? ఇల్లు వాళ్ళదీ అక్కడే ఉందిగా. దక్షిణ కొరియాకి ఒప్పందంలో ఈ పన్ను 2021కి ఎత్తేస్తామన్నారు, 2018లో మళ్ళీ కూర్చుని 2041 దాకా పొడిగించారు. కొరియా కూడా మిత్రదేశమేనండోయ్.

దీని తర్వాత కూడా చాలా జరిగాయి, అన్నీ చెప్పను. అరటిపళ్ళ తగువు ఒకటి, అమెరికా పెద్దగా అరటి పండించదు, యూరప్ కూడా అంతంతమాత్రమే, అయినా 1990ల నుంచి 2009 దాకా కొట్టుకున్నారు. యూరప్ విమానాల కంపెనీ ఎయిర్‌బస్, అమెరికా కంపెనీ బోయింగ్ గొడవ 2004లో కేసై, 2019లో వచ్చి ఫ్రెంచి వైను మీద, స్కాచ్ మీద, జున్ను మీద పడింది. విమానానికీ జున్నుకీ ఏంటి సంబంధం? కోడికీ ట్రక్కుకీ ఉన్న సంబంధమే. 2018లో అమెరికా ఉక్కు మీద దేశభద్రత పేరుతో 25 శాతం వేసింది, నాటో మిత్రుల ఉక్కు వల్ల భద్రతకి ముప్పంట. యూరప్ ఏం ఎంచుకుందో చూడండి, హార్లీ డేవిడ్సన్ బైకులు, బోర్బన్ విస్కీ. హార్లీది విస్కాన్సిన్, అప్పటి స్పీకర్ పాల్ రయన్ రాష్ట్రం. బోర్బన్‌ది కెంటకీ, అప్పటి సెనేట్ నాయకుడు మెక్‌కానెల్ రాష్ట్రం. ఫుల్‌బ్రైట్ గారి దగ్గర గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇదే. అవతలి ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళ పెరట్లో రాయి వెయ్యాలి.

అయితే ఒక్క న్యాయం మాట కూడా చెప్పాలి. కోళ్ళ తగువు పెట్టుకున్న ఈ మనుషులే 1964 నుంచి 67 దాకా జెనీవాలో కూర్చుని, కెనడీ రౌండ్ అంటారు, పారిశ్రామిక సరుకుల సుంకాలు సగటున మూడో వంతు పైన తగ్గించుకున్నారు. జర్మనీ నుంచి సైన్యం వెళ్ళిపోలేదు, నాటో విరగలేదు. ఒకళ్ళ అవసరం ఇంకొకళ్ళకి ఉన్నన్నాళ్ళూ ఈ అలకలు అలకలే. ఆ అవసరం లేదని ఒకడు అనుకోవడం మొదలెట్టినప్పుడు ఏమవుతుందనేది ఇప్పుడు రోజూ పేపర్లో చూస్తున్నాం, దాని మీద ఇంకోరోజు.

ప్రశ్నలేమైనా? అడుగు బాబూ. మరి చివరికి అమెరికా కోడి యూరప్‌లోకి వెళ్ళిందా అంటున్నాడు. వెళ్ళలేదు నాయనా. సుంకం సంగతలా ఉంచు, 1997లో క్లోరిన్ నీళ్ళతో కడిగిన కోడి మాకొద్దని ఇంకో తలుపేశారు. కోడి ఓడింది, ట్రక్కు మీద పన్ను మిగిలింది.

ముందు వరసలోంచి ఏదో అంటున్నారు, గట్టిగా చెప్పండి. ఆఁ, చికెన్ లెగ్స్. వస్తుందనుకున్నాను ఈ ప్రశ్న. అమెరికావాళ్ళు ఛాతీ మాంసం ఇష్టంగా తింటారు, కాళ్ళు మిగిలిపోతాయి, అవి చవగ్గా ఎవరికైనా అమ్మాలి. మనం బర్డ్ ఫ్లూ కారణం చూపించి 2007లో ఆపాం, వాళ్ళు 2012లో డబ్ల్యూటీవోకెళ్ళారు, 2015లో మనం ఓడాం. 2023లో ఢిల్లీ జీ20 ముందు రాజీ అయింది, టర్కీ కోడి, బాతు మాంసం లాంటి వాటి మీద మనం సుంకం తగ్గించాం. కోడి కాళ్ళ మీద 100 శాతం మాత్రం ఉంచాం. ఆ పన్ను తియ్యాలా ఉంచాలా అని కదా మీరడిగేది? చూడండి, డెట్రాయిట్ వాడు పన్ను నీడలో ఇల్లు కట్టుకున్నాడని ఇందాక నవ్వాం అందరం. ఇక్కడ షెడ్లు కట్టుకున్నవాళ్ళు నాకు ఎదురుగా నలుగురు కూర్చున్నారు, అందులో ఒకాయన బండి మీదే నేనివాళ ఇంటికెళ్ళాలి.